చిన్న చిల్లు - పెద్ద బరువు

అనంతపురం సీమలో పడవల ముచ్చట ఏమిటని నవ్వకండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అయినా తుంగభద్ర నీరు ఎగువ కాలువ గుండా వచ్చి పెన్న అహోబిలం, మిడ్ పెన్నార్ జలాశయాలకు చేరుతుంది. నీళ్లున్న చోట చేపలు, చేపలున్న చోట పుట్టి! పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంపవంటి పడవ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దీన్ని గురించి వ్రాశాడు. అప్పట్లో పైన తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తున్నారు.

2017 ఏప్రిల్ 28న గుంతకల్లు దగ్గర ఎర్రతిమ్మరాజు చెరువులో ఒక పుట్టి మునిగి పదిమందికి పైగా చనిపోయారు. మోయగల దానికంటే ఎక్కువమంది ఎక్కారు. పడవకు బరువు ఎంత ముఖ్యమో ఇంతకంటే చెప్పనక్కర లేదు. అయితే కంటికి కనిపించని బరువు ఒకటుంది. దాన్ని లెక్కకట్టి చూద్దాం.

పడవ అడుగున పెన్సిలు కంటే సన్నని చిల్లు, అంటే 6 మిల్లీమీటర్లది, ఉందనుకోండి. అది నీటిమట్టానికి 20 సెంటీమీటర్ల దిగువన ఉంది. 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లి చెప్పిన సూత్రం ప్రకారం నీరు సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో లోపలికి చిమ్ముతుంది. చిల్లు వైశాల్యంతో గుణించి, ధార సన్నబడడం వల్ల తగ్గేది తీసివేస్తే నిమిషానికి సుమారు 2 లీటర్లు. అరగంటకు 60 లీటర్లు, అంటే 60 కిలోలు. అరగంటకొక మనిషి మెల్లగా వచ్చి పడవలో కూర్చుంటున్నాడన్న మాట! పైగా ఈ మనిషి ఒకచోట కుదురుగా ఉండడు. పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తి ఇంకా ఒరిగిస్తాడు.

పుట్టికి చిల్లు పడితే దాన్ని బోర్లించి, ఆరబెట్టి, బయటి వైపున గుడ్డ అతికించి తారు పూస్తే సరి. బయటి వైపునే ఎందుకు? ఇంట్లో బకెట్టు కారితే మాటు లోపలి వైపున వేస్తే మేలు కదా! బకెట్టులో నీరు లోపలినుంచి బయటకు నెడుతుంది. పడవలో బయటినుంచి లోపలికి నెడుతుంది. నీరు నెట్టే వైపున మాటు ఉంటే పీడనమే దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది. రెండు ప్లాస్టిక్ డబ్బాల అడుగున చిల్లులు పెట్టి, ఒకదానికి లోపల, మరొకదానికి బయట టేపు అంటించి, రాళ్లు వేసి నీటిలో తేలించండి. ఏది ముందు మునుగుతుందో మీరే చూస్తారు.

కాకినాడ, విశాఖ తీరాల ఫైబర్ పడవలకు చిల్లులు మరో రకంగా వస్తాయి. పాత మోటారు పట్టీ ఊడదీసి కొత్తది బిగిస్తారు. కొత్తదాని స్క్రూలు పాత చోట పడవు. పాత రంధ్రాలు అలాగే నోరు తెరుచుకుని ఉంటాయి. పాత స్క్రూనే మళ్లీ బిగించేస్తే పోలేదా అంటారు కొందరు. పోదు. రంధ్రంలో మరలు అరిగిపోయాయి, ఆ మర వెంటే మెలికలు తిరుగుతూ నీరు దారి చేసుకుంటుంది. చాలా ఫైబర్ పడవల వెనుక గోడలో ప్లైవుడ్ దాగి ఉంటుంది. నీరు తగిలితే అది లోలోపలే కుళ్లుతుంది. పైన నిగనిగలాడే పడవ లోపల పుచ్చిపోయి ఉంటుంది. నా దృష్టిలో నీరు కారడం కన్నా ఇదే ప్రమాదం. కారేది కనబడుతుంది, కుళ్లేది కనబడదు.

అందుకే రంధ్రాన్ని మూసేముందు కొంచెం పెద్దది చేస్తారు! తడిసిన చెక్కను తొలిచివేసి, పాత జిగురు, నూనె జిడ్డు అంతా తుడిచి, పూర్తిగా ఆరనిస్తారు. బయటి వైపు అంచును పళ్లెంలా వాలుగా అరగదీస్తారు. దాంతో అతుకు పట్టే వైశాల్యం పెరుగుతుంది. బయట వెడల్పు, లోపల సన్నం కాబట్టి బిరడా మాదిరిగా నీరు నెట్టినకొద్దీ బిగుస్తుంది. తరువాత ఎపాక్సీ నింపుతారు. ఇందులో రెండు భాగాలుంటాయి. కలపగానే రసాయన చర్య జరిగి, వేడి పుట్టి, రాయిలా గట్టిపడుతుంది. పెద్ద చిల్లయితే గాజునార గుడ్డ పొరలు కూడా వేస్తారు. చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఈ పనికి వేళ కూడా ఉంది. ఉదయం నింపితే, ఎండ ఎక్కేకొద్దీ చెక్క సందుల్లోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకి వస్తుంది, ఆ బుడగలే మళ్లీ చిల్లులవుతాయి. ఎండ తగ్గుముఖం పట్టాక నింపితే గాలి కుంచించుకుని జిగురును తానే లోపలికి లాక్కుంటుంది. మీరు చదివిన చార్లెస్ నియమమే ఇది.

గట్టిపడిన తరువాత పడవను లోతులేని నీటిలోకి దించి, లోపల అతుకు మీద సుద్దపొడి చల్లి గంటసేపు వదిలేయాలి. పొడి తెల్లగా, పొడిగానే ఉంటే పడవను లోతుకు పోనివ్వవచ్చు. ఎక్కడైనా నల్లబడితే మళ్లీ తొలవడం నుంచి మొదలు.