వెనుక ఇరుసు నట్టు బిగింపు: టార్క్ సూత్రానికి ఒక అనువర్తనం

బలాన్ని, భ్రమణాక్షం నుంచి అది పనిచేసే లంబ దూరంతో గుణిస్తే టార్క్ వస్తుంది. ఈ సూత్రం వర్క్‌షాప్‌లో ఎలా ఉపయోగపడుతుందో 1979లో జర్మనీలో విడుదలైన ఫోక్స్‌వ్యాగన్ టీ3 వ్యాన్ ఉదాహరణగా పరిశీలిద్దాం.

నట్టు చేసే పని

ఈ వ్యాన్‌ను వెనుక చక్రాలు నడుపుతాయి. చక్రాన్ని మోసే హబ్ లోపలి గాడులు ఇరుసు మీది గాడులలో ఇమిడి ఉంటాయి. చివరనున్న పెద్ద నట్టు హబ్‌ను ఇరుసు మీద అదిమిపట్టి ఉంచుతుంది. నట్టు వదులైతే, బండి కదిలిన ప్రతిసారీ, బ్రేకు వేసిన ప్రతిసారీ హబ్ కొద్దిగా జరుగుతుంది. ఆ కదలికతో గాడులు అరిగిపోతాయి. అరిగిన తరువాత ఎంత బిగించినా ప్రయోజనం లేదు, భాగాలను మార్చవలసిందే. నిర్లక్ష్యం చేస్తే చక్రం ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఎంత బిగించాలి?

ఈ నట్టుకు నిర్ణయించిన టార్క్ 500 న్యూటన్-మీటర్లు. సాధారణ టార్క్ రెంచ్‌లు చాలావాటికి ఈ కొలత అందదు. అందుకే చాలామంది అందాజుగా బిగిస్తారు. పెద్ద రెంచ్ దొరకనప్పుడు లెక్కవేసి బిగించవచ్చు. 60 కిలోల వ్యక్తి బరువు 60 × 9.8 = 588 న్యూటన్లు. కావలసిన దూరం 500 ÷ 588 = 0.85 మీటర్లు. అంటే, బార్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు, నట్టు కేంద్రం నుంచి 85 సెంటీమీటర్ల దూరంలో ఆ వ్యక్తి పూర్తి బరువు మోపితే సరైన టార్క్ వస్తుంది. బార్ ఏటవాలుగా ఉంటే లంబ దూరం తగ్గి, టార్క్ కూడా తగ్గుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

1. చక్రాలు నేల మీదే ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేయాలి. బండి జాకీ మీద ఉండగా ఇంత బలం ప్రయోగించరాదు.
2. బరువు నెమ్మదిగా మోపాలి. బార్ మీదకు దూకితే బలం లెక్కకు మించిపోతుంది.
3. నట్టు గాడి ఇరుసు రంధ్రానికి ఎదురుగా రాకపోతే, తరువాతి గాడి వరకు ఇంకా బిగించాలి. వెనక్కి వదులు చేయరాదు.
4. కొత్త స్ప్లిట్ పిన్ అమర్చాలి. పిన్ నట్టు ఊడకుండా మాత్రమే ఆపుతుంది; బిగింపును ఇచ్చేది టార్క్ మాత్రమే.

ఇతర మోడళ్లకు టార్క్ విలువ వేరుగా ఉంటుంది. ఆయా మోడల్ సర్వీసు పుస్తకం చూసి లెక్కవేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

75 కిలోల వ్యక్తి ఇదే నట్టును బిగించాలంటే ఎంత దూరంలో బరువు మోపాలి?

జవాబు: సుమారు 68 సెంటీమీటర్లు.