మీకు తెలుసా? నేర కథ తెరకెక్కేలోపు

చదివిన క్రైమ్ కథ సినిమాగా వస్తుందంటే తిరువూరు కుర్రాడైనా, టోక్యో కుర్రాడైనా అడిగేది ఒకటే: ముగింపు మారుస్తారా?

జపాన్‌లో ‘డెత్ నోట్’ మాంగా (బొమ్మల సీరియల్) 2003 నుంచి 2006 దాకా వారపత్రికలో నడిచింది. పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోయే పుస్తకం చుట్టూ కథ. సీరియల్ అయిపోయిన 2006లోనే సినిమా రెండు భాగాలుగా వచ్చింది. ముగింపు మార్చేశారు! పుస్తకం చదివినవాళ్లకూ ఉత్కంఠ మిగిలింది. పార్క్ చాన్-వుక్ కొరియాలో తీసిన ‘ఓల్డ్‌బాయ్’ (2003)కీ మూలం జపాన్ మాంగాయే. అందులో హీరోను పదేళ్లు బంధిస్తే, సినిమాలో పదిహేనేళ్లు చేశారు. పాపం, శిక్ష పెరిగింది. ఆ సినిమాకు 2004లో కాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి దక్కింది.

మనకు మాంగా లేకపోతేనేం, నవలలున్నాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని ఒక తరం బొమ్మల్లేకుండానే ఊహించుకుంది. ఉరిశిక్ష రద్దు కావాలనుకునే లాయరు కథ, యండమూరి ‘అభిలాష’, 1983లో సినిమా అయింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ని 1986లో జంధ్యాల తెరకెక్కించారు. రెండింటిలోనూ చిరంజీవే. ఒకదాంట్లో లాయరు, రెండోదాంట్లో నవ్వించే డిటెక్టివ్. నా ఓటు రెండోదానికే.