తాతల నాటి లోగిలికి కొత్త ఊపిరి

వాన ఇంటి నడిమధ్యలో కురిసేది. స్తంభాలను పట్టుకుని వేలాడుతూ పిల్లలు కాగితం పడవలు వదిలేవారు. అవి తూము దాకా వెళ్లి, గిర్రున తిరిగి మాయమయ్యేవి. ‘తడుస్తార్రా...’ అంటూ వంటింట్లోంచి నాయనమ్మ కేక! మండువా లోగిలి అనగానే చాలామందికి గుర్తొచ్చే దృశ్యమిది. ఇప్పుడా లోగిళ్లలో సగానికి తాళాలు. కొన్ని కలప కింద అమ్ముడుపోయాయి. ఉన్నవాటినైనా నిలబెట్టుకోవాలనే కుటుంబాలు మాత్రం ఇంకా ఉన్నాయి. పాత ఇంటి అందం పోకూడదు, అందులో ఇప్పటి మనుషులు హాయిగా ఉండగలగాలి. ఆ రెండూ కుదిరేదెలా?

సంక్రాంతికి అందరూ వస్తారు. హైదరాబాదు నుంచి పెద్దకొడుకు, అమెరికా నుంచి చిన్నకొడుకు, విశాఖ నుంచి కూతురూ అల్లుడూ. భోగి, పండుగ సందడిగా గడిచిపోతాయి. కనుమనాటి సాయంత్రం అరుగు మీద అసలు మాట మొదలవుతుంది. ‘ఇంకెన్నాళ్లు ఉంటుందీ ఇల్లు? పడగొట్టి డాబా వేసేద్దాం’ అంటారొకరు. ‘ఉండేదెవరు? అమ్మేస్తే పోలా’ అంటారు ఇంకొకరు. పాత కలప వ్యాపారి అప్పటికే రెండుసార్లు వచ్చి, ద్వారబంధాలు తట్టి, దూలాలు లెక్కపెట్టుకుని వెళ్లి ఉంటాడు. అమ్మ ఏమీ అనదు. లేచి తులసికోట దగ్గర దీపం పెట్టడానికి వెళ్తుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏటా ఎన్ని అరుగుల మీద జరుగుతుందో ఈ చర్చ! చాలాసార్లు గెలిచేది కలప వ్యాపారే. తాత చెక్కించిన తలుపు ఏ రిసార్టులోనో భోజనాల బల్ల అవుతుంది.

ఆనకట్ట కట్టించిన ఇళ్లు

ఈ ఇళ్ల వెనక పెద్ద కథే ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరి డెల్టాకు కాలువ నీళ్లు వచ్చాయి, పొలాలు పండాయి. పండిన ధాన్యాన్నీ, పెరిగిన ఉమ్మడి కుటుంబాన్నీ దాచుకునేందుకు పెద్ద పెద్ద ఇళ్లు లేచాయి. రంగం నుంచి, అంటే నేటి యాంగన్ నుంచి, ఓడల మీద వచ్చిన బర్మా టేకు స్తంభాల గురించి ఊళ్లలో పెద్దలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకొంటారు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల కర్మాగారం పెట్టాక గూన పెంకుల చోట మర పెంకులు రావడం మొదలైంది. మంగళూరులో పుట్టినా మనవాళ్లు వాటికి పెట్టుకున్న పేరు బెంగుళూరు పెంకులు!

వీధిలో అరుగులు, లోపల చావడి, నడుమ ఆకాశం కనిపించే మండువా, నాలుగు వైపుల నుంచీ దానిలోకి వాలిన కప్పు, చుట్టూ గదులు. వెనక వంటిల్లు, నుయ్యి, ధాన్యం గాదె, పశువుల కొట్టం. తెలంగాణ పల్లెల్లో భవంతి అని పిలుచుకునే ఇళ్ల పోలికా ఇంచుమించు ఇదే. ఇదంతా హోదా కోసం మాత్రమే కాదు. వేడిగాలి పైకి లేచి మండువాలోంచి బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి వసారాల నీడలోని చల్లగాలి వస్తుంది. మందపాటి గోడలు పగటి ఎండను అంత తొందరగా లోపలికి రానివ్వవు. ఫ్యాను లేని రోజుల్లో వేసవిని దాటించింది ఈ ఏర్పాటే.

ముందు ఒక వానాకాలం చూడాలి

బాగు చేయించాలని నిర్ణయించుకోగానే చాలామంది చేసే పని మేస్త్రీని పిలిచి గునపం వేయించడం. తొందర ఇక్కడే పనికిరాదు. ముందుగా ఇంటిని ఇంజినీరుకు చూపించి, ఏ గోడ బరువు మోస్తోందో, ఏ దూలం వంగిందో రాయించుకోవాలి. ప్రతి గదినీ ఫొటో తీసి కొలతలు వేయించాలి. వీలైతే ఒక వానాకాలం ఆగి, నీరు ఎక్కడ కారుతోందో, ఏ మూల చెమ్మ లేస్తోందో చూడాలి. పాత ఇంటికి మొదటి శత్రువు వయసు కాదు... నీరు. పగిలిన ఒక్క పెంకు కింద వాసం కుళ్లుతుంది, వాసం కుళ్లితే దూలం చివర పుచ్చుతుంది, దూలం దిగితే గోడ బీటలిస్తుంది. బీటను పూడ్చి పెంకును వదిలేస్తే ఖర్చు దండగే.

ఊళ్లలో ఇంకో చిక్కుంది. వేసిన రోడ్డు మీదే మళ్లీ రోడ్డు వేయడంతో వీధి ఎత్తు పెరిగిపోయి, ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమైపోతోంది. వాన నీరు లోపలికొస్తోందని నేల ఎత్తు పెంచేస్తారు. దాంతో గుమ్మాలు పొట్టివైపోతాయి, తలలు కొట్టుకుంటాయి. దానికి బదులు ఇంటి చుట్టూ మంచి వాటంతో కాలువ తీయించి, మండువా తూమును శుభ్రం చేయించి, నీరు పెరటి వైపు పోయే దారి చూడటం మేలు.

సిమెంటు పూస్తే చాలనుకుంటే...

పాత గోడ పెచ్చులూడగానే అందరికీ గుర్తొచ్చేది సిమెంటు. గట్టిది, చవక, పని తొందరగా తెములుతుంది. కానీ సున్నంతో కట్టిన గోడకు అదే ముప్పు! అలాంటి గోడ నేలలోని చెమ్మను కొద్దికొద్దిగా పీల్చుకుని, మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూత పడితే చెమ్మ బయటపడే దారి మూసుకుపోతుంది. లోపలే నిలిచి పైకి పాకుతుంది. ఉప్పు తేలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. రెండేళ్లు నునుపుగా కనిపించిన గోడ ఆ తర్వాత పెద్ద పెద్ద పలకలుగా ఊడిపోతుంది. ఎమల్షన్ రంగులూ, నేలంతా పరిచే విట్రిఫైడ్ టైల్సూ చేసేదీ కొంతవరకు ఇదే.

సున్నం తీరు వేరు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్లు పోసి విరవేసి, ఇసుకతో కలిపి గోడకు పట్టిస్తే, గాలిలోంచి ఆ వాయువునే మళ్లీ తీసుకుని మెల్లమెల్లగా రాయిగా మారుతుంది. అందుకే పాతకాలం మేస్త్రీలు సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, గానుగలో ఇసుకతో కలిపి మెత్తగా నూరించేవారు. కరక్కాయలు నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. పలచటి పూతలుగా, ఒకటి ఆరాక ఇంకొకటి వేసేవారు. ఇప్పటికీ పద్ధతి ఇదే. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో అంతకుముందెప్పుడో పూసిన సిమెంటును తొలగించి, మళ్లీ సున్నమే వాడారు. కోటలకూ సమాధులకూ పనికొచ్చిన పాఠం పల్లెటూరి లోగిలికీ పనికొస్తుంది. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు కానీ లేకపోలేదు. పాత గుళ్ల మరమ్మతులు చేసేవారిని వాకబు చేస్తే దొరుకుతారు.

దూలం మొత్తం మార్చాలా?

‘చెద పట్టింది, మొత్తం తీసేయాల్సిందే’... ఈ మాట విని గుండె జారిపోయేవాళ్లు ఎక్కువ. నిజానికి టేకు దూలాల్లో ఎక్కువగా పాడయ్యేది గోడలో కూరుకుపోయిన చివరలే. కింద పోట్లు పెట్టి, పుచ్చిన భాగం వరకే కోసి, అదే జాతి పాత కలపతో అతుకు వేయించవచ్చు. తీసిన ప్రతి వాసానికీ సుద్దతో అంకె వేసుకుంటే తిరిగి దాని చోట దాన్ని పెట్టడం తేలిక. కలప మీద ఏళ్ల తరబడి వేసిన రంగు పొరల్ని ఓపిగ్గా గీకించి అవిసె నూనె పట్టిస్తే టేకు గీతలు మళ్లీ బయటికొస్తాయి. ఆకుపచ్చ రంగు కింద అన్నేళ్లూ ఏం దాగుందో అప్పుడు తెలుస్తుంది!

పెంకుల విషయంలో భయం సహజమే. 1996 నవంబరులో కోనసీమను ఊపేసిన తుపాను నాటి రాత్రిని అక్కడివారు మర్చిపోలేదు. అందుకే చాలామంది పెంకులు దించి శ్లాబు వేయించుకున్నారు. అలాగని పాత గోడల మీద అంత బరువు మోపడం ప్రమాదం. కప్పు అంచుల్లో పెంకుల్ని తీగతో కట్టించడం, వాసాల్ని గోడకు ఇనుప పట్టీలతో బిగించడం వంటి జాగ్రత్తలు ఇంజినీరు సలహాతో తీసుకోవచ్చు. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించుకోవడం ఎలాగూ తప్పదు.

కొత్తవి ఎక్కడ పెట్టాలి?

ఇంట్లో ఉండేవాళ్లకు స్నానాల గది కావాలి, ఏసీ కావాలి, మంచి వంటిల్లు కావాలి. వీటి కోసం పడగ్గదుల గోడలు పగలగొట్టడం మొదలుపెడితే లోగిలి లోగిలిగా మిగలదు. తెలివైన దారి ఇంటి వెనకే ఉంటుంది... ఖాళీగా పడి ఉన్న పశువుల కొట్టం! దాన్ని స్నానాల గదులుగానో, అతిథుల గదిగానో మారిస్తే నీటి గొట్టాలన్నీ అసలు గోడలకు దూరంగా ఉండిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం వాళ్ల గది పక్కనే ఒకటి ఉండాలి. అందం కోసం అమ్మను రాత్రిపూట పెరడు దాటించకూడదు కదా! పాత కరెంటు తీగలు పూర్తిగా మార్చాల్సిందే. అయితే గోడల్ని తొలవకుండా, దూలాల వెంట గొట్టాల్లోంచి లాగించుకోవచ్చు.

మండువా మీద అద్దమో ప్లాస్టిక్ రేకో కప్పించాలనే సరదా చాలామందికి ఉంటుంది. కప్పేస్తే వేడిగాలి పోయే దారి పోతుంది, చల్లని ఇల్లు కాస్తా పొయ్యి అవుతుంది. దొంగల భయానికి ఇనుప చట్రం, కోతులకూ దోమలకూ జాలీ చాలు.

వాటాలు తెగితేనే...

ఇంత చెప్పినా ఇల్లు నిలబడేది సున్నంతో కాదు, ఒప్పందంతో. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్ట సవరణ, ఆ తర్వాత దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ వాటా ఇచ్చాయి. కాబట్టి అన్నదమ్ములిద్దరూ తలూపితే సరిపోదు. అక్కాచెల్లెళ్లతో సహా అందరూ కూర్చుని ఖర్చు ఎవరు పెట్టాలి, ఎవరెప్పుడు ఉండాలి, ఎవరైనా తమ వాటా వద్దనుకుంటే ఏం చేయాలి అన్నది ముందే కాగితం మీద పెట్టుకోవాలి. అది లేకుండా మొదలెట్టిన పని సగంలో ఆగితే, కప్పు విప్పిన ఇల్లు ఒక్క వానకు కూలుతుంది.

సున్నం పనికి సరుకు కంటే కూలి ఎక్కువ, కూలి కంటే ఓపిక ఎక్కువ. డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే ముందు కప్పు, తర్వాత గోడలు, ఆపైన నేల... ఇలా ఏడాదికింత చేయించుకోవచ్చు. ఇంతా చేయించి తాళం వేసి పోతే మాత్రం ప్రయోజనం లేదు. పాత ఇంటికి రోజూ తలుపులు తీసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, పొయ్యి వెలిగించేవాళ్లు కావాలి. మనిషి మసలని ఇంట్లోనే చెద ధీమాగా కాపురం పెడుతుంది.

కనుమనాటి సాయంత్రం అరుగు మీద చర్చ సాగుతున్నంతసేపూ అమ్మ ఏమీ అనకపోవడానికి కారణం ఆమెకు అభిప్రాయం లేక కాదు. ఎవరూ అడగక. అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే. ఏ గదిలో ఏ పెట్టె ఉండేదో, ఏ మూల ఎప్పట్నుంచి కారుతోందో, తూము మూసుకుపోతే ఎటునుంచి పుల్ల పెట్టి పొడవాలో ఆమెకు తెలిసినట్టు ఏ ఇంజినీరుకూ తెలియదు. ఆ మాటలన్నీ రాసుకోవడంతో పని మొదలుపెడితే, వచ్చే వానాకాలానికి మండువాలో మళ్లీ కాగితం పడవలు తిరగొచ్చు. ‘తడుస్తార్రా’ అని కేకేసే గొంతు ఉండగానే!