నలుగురి ముందు నిలబడాలంటే భయమా?
జ్ఞానస్నానానికి సిద్ధపడే పెద్దలకు కొన్ని మాటలు



కథోలిక శ్రీసభలో చేరాలని మనసులో నిర్ణయించుకున్న పెద్దల్లో కొందరు ఒక్క విషయం దగ్గర ఆగిపోతారు. ఇంట్లో ప్రార్థిస్తారు, ఆదివారం పూజకు వచ్చి వెనుక వరుసలో కూర్చుంటారు. పీఠం ముందుకు వచ్చి అందరి ఎదుట జవాబు చెప్పాలనగానే కాళ్ళు వణుకుతాయి. "ఇంకో సంవత్సరం చూద్దాం" అంటారు. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఊరంతా ఒకరికొకరు తెలుసు కాబట్టి ఈ బెరుకు ఇంకాస్త ఎక్కువ.

ఇది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు, గాలి సోకడమూ కాదు. పదిమంది కళ్ళు మన మీద పడితే శరీరం దాన్ని అపాయంగా లెక్కిస్తుంది. అప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులకు చెమట పడుతుంది.

4వ శతాబ్దంలో రోము నగరంలో మారియస్ విక్టోరినస్ అనే గొప్ప పండితుడు ఉండేవాడు. విశ్వసించినా, స్నేహితులు ఏమనుకుంటారోనని చాలాకాలం దేవాలయంలో అడుగు పెట్టలేదు. చివరకు వచ్చినప్పుడు గురువులు ఆయనకు విశ్వాస ప్రకటన చాటుగా చేసే వీలు ఇస్తామన్నారు. బిడియపడే వారికి అలా ఇవ్వడం అక్కడ అలవాటే. ఆయన మాత్రం అందరి ఎదుటే చెప్పడానికి ఇష్టపడ్డాడు. పునీత అగస్టీను తన ఆత్మకథ 8వ భాగంలో ఈ సంగతి రాశారు. అంటే ఈ భయం పాతదే, దాన్ని అర్థం చేసుకోవడమూ శ్రీసభకు పాత అలవాటే.

అసలు ఏం చేయాలి?

తెలియకపోవడం వల్లే సగం భయం. కొన్ని సంఘాల్లో మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. కథోలిక క్రమంలో అది తప్పనిసరి కాదు. పాత పాపాలను జనం ముందు చెప్పమని ఎవరూ అడగరు.

రెండవ వాటికన్ మహాసభ పెద్దల కోసం దశలవారీ తయారీని పునరుద్ధరించింది. 1972లో దాని క్రమం వెలువడింది. తపస్సు కాలం 3, 4, 5 ఆదివారాల్లో అభ్యర్థులు తల వంచి గానీ మోకరించి గానీ ఉంటారు. సంఘం వారి కోసం ప్రార్థిస్తుంది, గురువు వారి మీద చేతులు చాపుతారు. పాస్కా జాగరణ రాత్రి అడిగే ప్రశ్నలకు చిన్న చిన్న జవాబులు చాలు. తల మీద మూడుసార్లు నీళ్ళు పోస్తారు. జ్ఞానతల్లి లేదా జ్ఞానతండ్రి పక్కనే ఉంటారు. ఆ తర్వాత తెల్లని వస్త్రం, వెలిగించిన కొవ్వొత్తి, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం.

ఇదివరకే జ్ఞానస్నానం పొందినవారు

మన ప్రాంతంలో బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ కుటుంబాలు ఎక్కువ. అక్కడ త్రియేక దేవుని నామాన నీటితో సరిగా జ్ఞానస్నానం పొందినవారికి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు. వారు విశ్వాస సంగ్రహం పలికి, ఒక్క వాక్యంలో తమ సమ్మతి తెలిపితే శ్రీసభ వారిని స్వీకరిస్తుంది. ముందుగా చేసే పాపసంకీర్తనం గురువుకు మాత్రమే తెలుస్తుంది. ఈ స్వీకారంలో విజయోత్సవంలాంటి హంగు ఉండకూడదని, కొద్దిమంది బంధుమిత్రుల మధ్య జరపడం చాలాసార్లు మేలని క్రమమే చెబుతోంది. కాబట్టి "చిన్నగా జరపండి" అని అడగడానికి సిగ్గుపడకండి.

రెండు రకాల భయాలు

జనం చూపుకు భయపడటం వేరు, మనసు ఒప్పుకోకపోవడం వేరు. పెళ్ళి కోసం మారమన్నారని వచ్చిన అమ్మాయికి వణుకు పుడితే, అది రెండోది కావచ్చు. కథోలికులను పెళ్ళి చేసుకోవడానికి మతం మారి తీరాలన్న నియమం లేదు. అవసరమైన అనుమతితో అలాంటి వివాహం జరుగుతుంది. ఎవరినీ బలవంతంగా విశ్వాసంలోకి తేకూడదని శ్రీసభ చట్టం 748వ సూత్రం చెబుతోంది.

మరికొందరి భయం కాగితాల గురించి. జ్ఞానస్నానం రిజిస్టరులో నమోదవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా వర్తించదు. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి గ్రూపులోకి వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం దీనితో ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఇంటివారంతా ముందే కూర్చొని మాట్లాడుకోండి. ఈ చింతను లోపల దాచుకొని పీఠం ముందుకు వస్తే వణుకు తగ్గదు.

ఆరోగ్యం సంగతి

1. ముందు రోజుల్లో ఖాళీ దేవాలయంలో జ్ఞానతల్లితో కలిసి రెండు మూడుసార్లు నడిచి చూడండి. జవాబులు పైకి పలకండి.

2. దడ మొదలైతే నాలుగు అంకెలు లెక్కిస్తూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు ఇలా చేయండి.

3. ఖాళీ కడుపుతో రావద్దు. దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం చాలు. మంచినీళ్ళు, మందులు ఉపవాసాన్ని భంగపరచవు. వృద్ధులకు, రోగులకు ఆ గంట నియమం కూడా లేదు. పాస్కా జాగరణ పొడవైనది, పైగా మన ఎండాకాలంలో వస్తుంది. షుగరు, బీపీ మాత్రలు మానేయకండి.

4. మూర్ఛ, గర్భం, నిలబడలేని బలహీనత ఉంటే గురువుకు ముందే చెప్పండి. కుర్చీ వేయించవచ్చు. వ్యాధి, వృద్ధాప్యం వంటి ప్రత్యేక పరిస్థితుల్లో మేత్రాణుల అనుమతితో సంక్షిప్త క్రమం కూడా ఉంది.

5. ధైర్యం కోసం సారా, కల్లు, ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర వద్దు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పెళ్ళికీ బజారుకూ కూడా వెళ్ళలేకపోతున్నా డాక్టరుకు చూపించుకోండి. దీనికి మాటలతో చేసే చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడితే అది భయమేనని సర్దుకుపోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

సంఘంలోని పెద్దలకూ ఒక మనవి. ముందుకు వచ్చినవారు తడబడితే నవ్వకండి, సెల్‌ఫోన్లు ఎత్తి ఫోటోలు తీయకండి. "ఎందుకు మారావు?" అని గుమ్మం దగ్గర ఆరా తీయకండి. పూజ అయ్యాక పక్కన కూర్చోబెట్టుకొని ఒక గ్లాసు టీ ఇవ్వండి. మరుసటి ఆదివారం వారు రావడానికి అది చాలు.