మతిమరుపు జబ్బూ, 21వ క్రోమోజోమూ

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను ఓపీకి తెచ్చే తల్లులు చాలామంది మమ్మల్ని అడిగే మొదటి మాట, "నేనేం తప్పు చేసినాను సిస్టరమ్మా?" అని. గ్రహణం నాడు బయటికి వచ్చిందనీ, మేనరికం చేసుకున్నారనీ ఊరు ఊరంతా అని ఉంటుంది. ఈ జబ్బుకు ఆ రెండూ కారణం కావు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. మన జీవకణాల్లో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. ఈ బిడ్డల్లో 21వది రెండుకు బదులు మూడు ఉంటాయని 1959లో ఫ్రాన్సులో ప్రకటించారు. తల్లి వయసు 35 దాటితే ఈ అవకాశం పెరుగుతుంది కానీ, చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు.

ఆ 21వ క్రోమోజోములోనే ఇంకో సంగతి బయటపడింది. ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ జబ్బులో (మనవాళ్లు చాదస్తం అని కొట్టిపారేస్తారు) అమిలాయిడ్ అనే ప్రోటీను మెదడులో మచ్చలుగా పేరుకుంటుంది. 1984లో అమెరికాలో జార్జ్ గ్లెన్నర్ బృందం ఆ ప్రోటీనును విడదీసింది. డౌన్ సిండ్రోమ్ వారి మెదడులోనూ అదే ఉంది! అయితే దాని జన్యువు 21వ క్రోమోజోములోనే ఉండాలని వారు ఊహించారు.

ఊహను రుజువు చేసిన తీరు మాకు భలే నచ్చింది. మనిషి క్రోమోజోములు కొన్ని మాత్రమే మిగిలేలా ఎలుక కణాలను మనిషి కణాలతో కలిపి పెంచుతారు. ఆ జన్యువుకు మాత్రమే అతుక్కునే డీఎన్ఏ ముక్కను ఒక్కో రకం కణాల మీద వేసి చూస్తారు. 21వది ఉన్న కణాల్లోనే అది అతుక్కుంది. 1987లో అమెరికా, జర్మనీ పరిశోధకులు ఈ జన్యువు చోటు తేల్చారు.

మూడు క్రోమోజోములుంటే ఆ జన్యువూ మూడే, ప్రోటీనూ ఎక్కువే. అందుకే డౌన్ సిండ్రోమ్ వారికి 40 ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరి మెదడులోనూ ఆ మచ్చలుంటాయి. మతిమరుపు చాలామందిలో 50ల్లో బయటపడుతుంది, కొందరిలో ముందే.

తమ్ముళ్లు బెంగళూరుకు వలసపోతే, ఊర్లో అరవై డెబ్బై ఏళ్ల తల్లే ఈ కొడుకును చూసుకుంటుంది. నిన్నటిదాకా గొర్రెల వెంట పోయివచ్చినవాడు దారి మరిచిపోతాడు, అన్నం ముందు ఊరికే కూర్చుంటాడు. "మొండికేస్తాండాడు" అని కొట్టినవాళ్లూ ఉన్నారు, తాయెత్తు కట్టించినవాళ్లూ ఉన్నారు. అది మొండితనం కాదు. అలాగని వెంటనే అల్జీమర్సే అనుకోవద్దు. వీరిలో థైరాయిడ్ తగ్గడం, చెవుడు, కంట్లో పొర చాలా మామూలు. వాటివల్లా మనిషి ఇలాగే మందగిస్తాడు, వాటికి మందూ ఆపరేషనూ ఉన్నాయి. ముందు ఆ పరీక్షలు చేయించండి. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు, ఏడాది కిందట ఆయన ఏయే పనులు సొంతంగా చేసుకునేవాడో చెప్పగలిగినవారిని వెంట తీసుకురండి.