చూసినవాళ్లే రాయాలి

"సార్, లెటర్ నేనే రాసుకొచ్చిన. మీరు జర సంతకం పెట్టుండ్రి."

కందుకూరు, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో విదేశీ చదువుల అప్లికేషన్ల సీజన్ వచ్చిందంటే హెచ్‌ఓడీ గది ముందు ఈ మాట వినబడాల్సిందే. లెటర్ కన్సల్టెన్సీ ఇచ్చిన ఫార్మాట్‌లోనే ఉంటుంది. కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు, నలుగురితో కలిసిపోయే గుణం. పేరు తీసేస్తే అది ఎవరిదైనా కావచ్చు. బయట ఇంకా పదిమంది నిలబడి ఉంటారు. సంతకం పడుతుంది, స్టాంపు పడుతుంది, పిల్లవాడు దండం పెట్టి వెళ్లిపోతాడు.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క చెప్పింది. వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతమందో మన ఊళ్లలో ఏ గడపను అడిగినా తెలుస్తుంది. కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి 2024 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగింది. రేపు ఇక్కడి నుంచి బయటికి వెళ్లే పిల్లలు ఇంకా పెరుగుతారు. వాళ్ల చేతిలో పెట్టే రికమండేషన్ లెటర్ గురించి ఇప్పుడే గట్టిగా మాట్లాడుకోవాలి. ఈ సంతకాల వ్యవహారంలో ఏమీ చేయనివాడికి పోయేదేమీ లేదు. నిజంగా పనిచేసిన పిల్లలే నష్టపోతున్నారు. ముఖ్యంగా మార్కుల మెమోలో చోటు లేని పని చేసినవాళ్లు.

అలాంటి పని ఒకటి చెబుతాను. ఒకప్పుడు జింబాబ్వేలో ఫుట్‌బాల్ ఆడి, ఆ తర్వాత పిల్లల వైద్యుడైన టామీ క్లార్క్, తోటి ఆటగాళ్లతో కలిసి 2002లో గ్రాస్‌రూట్ సాకర్ అనే సంస్థను మొదలుపెట్టారు. హెచ్‌ఐవీతో ఊళ్లకు ఊళ్లు అల్లాడుతున్న కాలం అది. పిల్లలకు డాక్టర్ల ఉపన్యాసాలు ఎక్కవు, ఆటగాడు చెబితే చెవికెక్కుతుంది. అందుకని ఆ ప్రాంతపు యువతీయువకులనే కోచ్‌లుగా తయారుచేశారు. వాళ్ల ఆటల్లో ఒకటి ఇలా ఉంటుంది. మైదానంలో వరసగా కోన్‌లు పెడతారు. ఒక్కో కోన్‌కు ఒక్కో ప్రమాదం పేరు. పిల్లలు బంతిని కోన్‌ల మధ్యనుంచి కాలితో నడిపించుకుంటూ పోవాలి. బంతి కోన్‌కు తగిలితే పుషప్స్ తీయాలి. మొదట తగిలించినవాళ్లే తీస్తారు. తర్వాత జట్టంతా తీయాలి. ఒకరి తప్పటడుగు ఇంటిల్లిపాదికీ ఎలా చుట్టుకుంటుందో ఆ రొప్పులోనే పిల్లలకు తెలిసిపోతుంది. ఆట ఆగాక అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు.

కందుకూరు అమ్మాయి ఒకతె అలాంటి చోట ఆరు నెలలు ఇంటర్న్‌గా చేసిందనుకుందాం. ఆమె గోల్ కొట్టదు, మందు ఇవ్వదు. హాజరు రాసుకుంటుంది, ఆటకు ముందూ తర్వాతా పిల్లలకు ఇచ్చే ప్రశ్నల కాగితాలు సర్దుకుంటుంది, కోచ్‌లకు కావలసినవి అందిస్తుంది. చేసిందంతా చిల్లరపనుల్లాగే కనిపిస్తుంది. మూడో వారంలో ఆడపిల్లల హాజరు పడిపోయిందని మొదట గమనించింది ఆమే. ఇళ్లకు వెళ్లి అడిగింది. చీకటిపడ్డాక నడిచి రావడానికి భయమని తల్లులు చెబితే, కోచ్‌తో మాట్లాడి ఆట వేళను గంట ముందుకు జరిపించింది. పై అధికారి లెటర్‌లో రాయాల్సింది ఈ మూడు వాక్యాలే. "ఎంతో అంకితభావం గల యువతి" అని పేజీ నింపితే ఆమె చేసిన పని గాలికి పోతుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట ఉంది. ఫ్రాన్సెస్ ట్రిక్స్, కెరొలిన్ సెంకా అనే పరిశోధకులు ఒక అమెరికన్ వైద్యకళాశాలకు వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు లేఖలను చదివి 2003లో వ్యాసం ప్రచురించారు. మగవాళ్ల కోసం రాసిన లేఖలు పొడుగ్గా ఉన్నాయి, పరిశోధన గురించి ఎక్కువ మాట్లాడాయి. ఆడవాళ్ల లేఖలు పొట్టివి. కష్టపడుతుంది అన్న మెప్పు, లోలోపల అనుమానం పుట్టించే మాటలు వాటిలో ఎక్కువ. మన దగ్గర "బుద్ధిమంతురాలు, అణకువగా ఉంటుంది" అని రాసే మాస్టార్లు ఇది తప్పక తెలుసుకోవాలి. ఆ అమ్మాయి అణకువతో విదేశీ సంస్థకు పనేమిటి? ఆమె ఏ నిర్ణయం తీసుకుందో రాయండి.

నిర్ణయం అన్న మాట ఊరికే అనడం లేదు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల కుర్రాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలాక మళ్లీ మైదానంలోకి దిగి, మెదడు దెబ్బతిని, ఏళ్ల తరబడి మంచాన, చక్రాల కుర్చీలో గడిపాడు. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చట్టం తెచ్చింది. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, పిల్లవాణ్ని ఆట నుంచి తప్పించాలి, వైద్య నిపుణులు రాసిస్తేనే తిరిగి ఆడించాలి. కాగితం మీద చట్టం ఎంత గట్టిగా ఉన్నా, మ్యాచ్ చివరి నిమిషంలో కోచ్ కళ్లెర్రజేస్తుంటే "వీణ్ని ఆడించొద్దు" అనగలిగిన మనిషి ఒకరు గీత పక్కన ఉండాలి. ఆ మాట అన్న ఇంటర్న్‌ను ఏ సర్టిఫికెట్ పట్టుకుంటుంది? పక్కన నిలబడి చూసినవాళ్ల లెటరే పట్టుకోవాలి.

చూసినవాళ్లు మొహమాటం లేకుండా రాయాలనే అమెరికాలో లెటర్‌ను గుట్టుగా ఉంచుతారు. 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థికి తన ఫైలు చూసుకునే హక్కు ఇచ్చింది. అప్లికేషన్‌లో మాత్రం, లెటర్ చూసే ఆ హక్కును వదులుకుంటారా అని అడుగుతారు. అవునని టిక్ పెట్టిన విద్యార్థే ఆ లెటర్ రాసుకున్నాడంటే, అది చదివేవాళ్లకు చేసే మోసం.

మన నేల మీదా ఇలాంటి పని ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ)కి ఆసుపత్రులున్నాయి, ఆట మైదానాలున్నాయి. రాఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అక్కడ తెరిచిన టెన్నిస్ బడిలో పిల్లలకు ఆటతో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్, మంచి తిండీ అందుతాయి. స్పెయిన్ నుంచి వాలంటీర్లు అక్కడికి వస్తుంటారు. మన కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు రెండేళ్లలో 240 గంటలు సేవ చేస్తారు. వాళ్ల చేతికిచ్చే సర్టిఫికెట్‌లో గంటలుంటాయి గానీ, ఆ గంటల్లో ఏం జరిగిందో ఉండదు. ప్రోగ్రామ్ ఆఫీసరు సారు అదే రోజు ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత పిల్లవాడు తలుపు తట్టినప్పుడు ఫార్మాట్ వెతుక్కోనక్కర్లేదు.

ఇంటర్న్‌గా వెళ్తున్న పిల్లలకు ఒక సూచన. లెటర్ కోసం సంస్థ డైరెక్టర్ దగ్గరికి పరుగెత్తకండి, ఆయన మిమ్మల్ని వీడ్కోలు రోజున మాత్రమే చూసి ఉండొచ్చు. మీతో ఎండలో నిలబడ్డ కోచ్ వయసులో చిన్నవాడైనా, పేరు వెనక డిగ్రీ లేకపోయినా, ముందు అతన్నే అడగండి. అక్కడినుంచి బయల్దేరకముందే అడగండి. లోపం కూడా రాయమనండి: మొదట్లో భాష రాక వెనకబడింది, రెండో నెలకు పిల్లల దగ్గరే నేర్చుకుంది అని.