పీఠికను బట్టి ఫైలు ప్రమాణము నెరుగుట



తాటాకు ప్రతిని వ్రాసిన లేఖకుడు తుదియందు గ్రంథసంఖ్యను వేయుట మన పూర్వుల ఆచారములలో నొకటి. ముప్పదిరెండక్షరములు ఒక గ్రంథము. పద్యమైనను వచనమైనను కొలత ఇదియే. ఆ సంఖ్యను బట్టి ప్రతి సమగ్రముగా నున్నదో, నడుమ ఆకులు జారినవో తెలిసికొనవచ్చును. కంప్యూటరు ఫైళ్లయందును ఇట్టి ఏర్పాటు కలదు. దానిని వివరించుటయే నేటి ప్రసంగము.

ఫైలనగా బైట్ల వరుస. ఒక్కొక్క బైటు 0 మొదలు 255 వరకు గల యొక సంఖ్య. ఉత్తరములు, చిత్రములు మొదలగు ఫైళ్లు మనము చదువుటకు, చూచుటకు ఏర్పడినవి. మరికొన్ని యంత్రమునకు ఆజ్ఞలై దానిచే పని చేయించును. వీనిని ఎక్సిక్యూటబుల్ ఫైళ్లందురు. ఇట్టి ఫైళ్లలో పెక్కింటికి మొదట హెడ్డరను భాగముండును. అది గ్రంథమునకు పీఠిక వంటిది.

డాస్ అను పాతవ్యవస్థకు చెందిన ఫైలు సులభమైన ఉదాహరణము. దాని మొదటి రెండు బైట్లు 77, 90. అవి ఎం, జెడ్ అను ఇంగ్లీషు అక్షరములకు సంకేతములు. ఈ పద్ధతిని రూపొందించిన మార్క్ జ్బికోవ్‌స్కీ పేరునకు పొడి అక్షరములు. తరువాతి రెండు బైట్లు చివరిపుటలో నెన్ని బైట్లున్నవో చెప్పును. ఆపై రెండు బైట్లు మొత్తము పుటలెన్నియో చెప్పును. పుట యనగా 512 బైట్లు.

రెండు బైట్లను కలిపి చదువుటలో నొక మెళకువ కలదు. చిన్నస్థానము ముందు, పెద్దస్థానము వెనుక నుండును. ఇది మన జ్యోతిషగ్రంథములలోని భూతసంఖ్యల తీరు. నేత్రబాణములన్నచో 25 కాదు, 52 గదా! భేదమొక్కటే: అచట స్థానము పదిరెట్లు పెరుగును, ఇచట 256 రెట్లు పెరుగును.

ఒక లెక్క చేసి చూతము. చివరిపుట సంఖ్య 44, 1 అని యున్నదనుకొందము. 256కు 44 కలుపగా 300 అయినది. పుటల సంఖ్య 21, 0 అని యున్నచో పుటలు 21. వానిలో చివరిది నిండలేదు గనుక 20 పుటలను 512చే గుణింపగా 10,240 వచ్చును. దానికి 300 చేర్చగా 10,540 బైట్లు ఫైలు ప్రమాణము. చివరిపుట సంఖ్య సున్నయైనచో పుటలన్నియు నిండినవని యర్థము. అపుడు 21 పుటలకు 10,752 బైట్లు.

నేటి విండోస్ ఫైళ్లును ఆ రెండక్షరములతోనే మొదలగును. కాని ఆ పీఠిక పాతవ్యవస్థ కొరకు నిలిపిన చిన్నముక్కకు చెందినది. అసలు పీఠిక వేరొకచోట నుండును. అందలి పట్టికలో ప్రతి ఖండమునకును ఫైలులోని ఆరంభస్థానము, పొడవు చెప్పబడును. ఈ రెంటిని కూడగా ఆ ఖండము ముగియు చోటు తెలియును. అట్టి ముగింపులలో అన్నిటికంటె దూరమైనదే ఖండభాగమునకు తుది.

లినక్సు ఫైళ్ల పీఠికలో ఖండముల పట్టిక యెచట మొదలగునో, అందెన్ని వరుసలో, వరుస కెన్ని బైట్లో వ్రాయబడును. పట్టిక 14,000వ స్థానమున మొదలై, 64 బైట్ల వరుసలు 31 ఉన్నచో, 1,984 చేర్చగా 15,984 అగును. పట్టిక చిట్టచివర నున్నప్పుడే ఈ లెక్క చెల్లును.

ఇక దీని ప్రయోజనము. చేతికి వచ్చిన ఫైలు లెక్కకంటె చిన్నదైనచో అది మార్గమధ్యమున తెగిపోయినదని తెలియవలెను. పెద్దదైనచో తుదిని ఏదో అతికింపబడినది. అది దోషమే యనరాదు; విండోస్ ఫైళ్లకు ప్రామాణ్యముద్ర సాధారణముగా తుదినే చేర్తురు. దుష్టులు సైతము ఆ చోటనే తమ సరకును దాచుట కలదు. కావున హెచ్చును చూచి విచారింపవలెనే గాని వెంటనే తీర్పు చెప్పరాదు.

లెక్క సరిపోయినంత మాత్రమున ఫైలు నమ్మదగినదనియు తలపరాదు. గ్రంథసంఖ్య సరిగా నున్న ప్రతిలోను పాఠభేదములుండును గదా! ఒక యక్షరమునకు మారుగా మరియొక యక్షరము నుంచినచో సంఖ్య మారదు. పీఠికను వ్రాయువాడే వంచకుడైనచో అతడు లెక్కను సరిగానే వ్రాయును. పాఠము మారలేదని తెలియుటకు వేరు పరీక్షయు, పంపినవాడెవ్వడో తెలియుటకు సంతకము వంటి ముద్రయు వలయును.

పెండ్లి శుభలేఖ యనియు, బ్యాంకు నోటీసనియు పేరు పెట్టి సెల్లుఫోనులకు ఏపీకే ఫైళ్లను పంపి ధనమపహరించు మోసములు మన దేశమున జరుగుచున్నవి. ఏపీకే యనగా పెక్కు ఫైళ్ల కట్ట. దాని సూచిక తాటాకు ప్రతికి వలె తుదియందుండును. శుభలేఖను చూచుటకు చిత్రము చాలును; యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ఫైలుతో పని లేదు. కనుక అట్టిది వచ్చినపుడు తెరువక, పంపినవారిని నోటిమాటగా విచారించుట మేలు. కొలత పరిమాణమును తెలుపును. ప్రామాణ్యమును మాత్రము మనమే విచారించి తెలిసికొనవలెను.